పదమూడు మెట్లు

సైరన్ వేయను.
ఈ పనిలో మొదట అలవాటు కావలసింది అదే.
పద్దెనిమిదేళ్లు ఆ కూత వెంట పరుగెత్తినదాన్ని,
ఇప్పుడు గురువారాలు తొమ్మిదింటి ఫెర్రీలో
లాబ్‌స్టర్ బుట్టల లారీ వెనకాల బండి ఆపుకుని
పొగమంచు ఎప్పుడు దారిస్తుందా అని
చల్లారిన టీ తాగుతుంటాను.

ఫండీ అఖాతం అంచున ఈ దీవి.
నూట నలభై గడపలు, ఒక చర్చి, ఒక పెట్రోలు బంకు.
డాక్టరు వెళ్లిపోయి ఏడేళ్లు.
ఆయన బోర్డు మాత్రం ఉంది,
సముద్రపు పక్షులు దానిమీద రెట్టలేస్తుంటాయి.

"మళ్లీ నువ్వేనా" అంటాడు ఎల్వుడ్ టిబడో.
లోపలికి రమ్మనడం ఆయనకు అలాగే వచ్చు.

ఈ చలికాలం నాలుగుసార్లు
ఊపిరాడక అంబులెన్సు ఎక్కాడు.
నాలుగుసార్లూ ఆస్పత్రి వరండాలో పడుకుని
ఒంట్లో నీరు తీయించుకుని
కొత్త చీటీతో తిరిగొచ్చాడు.
కాగితం మీద ఆయన పేరు పక్కన
ఎవరో రాశారు: మాట వినడు.

ఐస్‌క్రీం డబ్బాలోంచి బిళ్లలు బల్లమీద పోసి లెక్కపెట్టాను.
గుండెవి సరిపోయాయి. రక్తం పలచన చేసేవీ సరిపోయాయి.
నీటి బిళ్లలు యాభై ఒకటి మిగిలాయి.

"అవి మింగితే గంటకోసారి లేవాలి."
"లేవండి మరి."
ఆయన కిటికీలోకి చూశాడు.
ఆటు మీద ఉంది సముద్రం,
పడవలు బురదలో పక్కకు ఒరిగి ఉన్నాయి.
"దొడ్డి పైన ఉంది" అన్నాడు. "పదమూడు మెట్లు."

పదమూడని నాకు తెలుసు.
ఐదేళ్ల కిందటి ఫిబ్రవరిలో
హెస్టర్‌ను ఆ మెట్ల మీదుగా దింపింది నేనే.
తలవైపు నేను, కాళ్లవైపు డారెల్.
ఏడో మెట్టు దగ్గర మలుపు, అక్కడ స్ట్రెచర్ తిరగలేదు.
గోడను కోసిన గీత ఇంకా అలాగే ఉంది.
రేవులో ఫెర్రీని మాకోసం ఆపారు.
ఫెర్రీ ఆగింది. ఆమె ఆగలేదు.

ఆ రోజు ఈయన ముఖం నేను చూడలేదు.
చేతులు లెక్కలో ఉన్నప్పుడు
కళ్లకు ఇంకో పని చెప్పరు మాకు.

కూర్చునే నిద్రపోతాడు, ఆయాసం వల్ల, అని ఉంది చీటీలో.
సగం నిజం.
మిగతా సగం పైగదిలో
ఎవరూ విప్పని దుప్పటి మడతలో ఉంది.

గీత సంగతి ఇద్దరం ఎత్తలేదు.
ఉప్పుచేప ముక్క పెట్టాడు. ఇదే కదా మీకు విషం అన్నాను.
"మా తాత ఇది తినే తొంభై ఏళ్లు బతికాడు."
"ఆయన రోజంతా తెడ్డు వేశాడు."
నవ్వాడు. నవ్వుకే దగ్గొచ్చింది.

బండిలో ఆక్సిజనుంది, గుండె గీతలు తీసే మిషనుంది.
కావలసిన కమోడ్ కుర్చీ ఒక్కటే లేదు.
మ్యూరియెల్‌కు ఫోన్ చేశాను.
"మా ఆయనది చర్చి కింద గదిలో ఉంది. కడిగే పెట్టాను, తీసుకుపో."
బంకు కుర్రాడు మోసుకొచ్చి
వంటింటి పక్క సామాన్ల గదిలో దించిపోయాడు,
కొత్త వల దించినంత మామూలుగా.
ముసలాయన చిన్నబుచ్చుకుంటాడని భయపడ్డాను.
"నలభై ఏళ్లు పడవలో బకెట్టే" అన్నాడు,
"దీనికి చేతులు కూడా ఉన్నాయి."

వచ్చిన కారణం ఏమిటని అడుగుతుంది టాబ్లెట్.
రక్తపోటు, చక్కెర, పుండుకు కట్టు.
మెట్లు అన్న మాట లేదు. "ఇతరములు" నొక్కాను.

ఆ వారం ఎనభై ఏడు కిలోలు. పై వారం ఎనభై నాలుగు.

మూడో గురువారం కుర్చీ ఖాళీ.
పాత అలవాటు, చేయి బ్యాగు మీదికి పోయింది.
ఏడో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు,
ఒళ్లో తెల్లరంగు డబ్బా.
"మూత రావడం లేదు" అన్నాడు.

స్క్రూడ్రైవరు నా జేబులోనే ఉంది.
తీయలేదు.
ఆరో మెట్టు మీద కూర్చుని
ఆయన మణికట్టు పట్టుకున్నాను.
రేవులో ఫెర్రీ కూసింది.
పోనీ. పదకొండున్నరకు ఇంకోటుంది.